రెండు బంతుల్లో ముగిసిన రాత్రి

సంపాదకులకు నమస్కారం.

న్యూజెర్సీలో ఉంటున్న తెలుగువాణ్ని. ఇక్కడ సాకర్ అనే ఫుట్‌బాల్‌లో అమెరికా జట్టు మీద ఆశ చావదు. 2017లో ట్రినిడాడ్ అండ్ టొబాగో చేతిలో 2-1తో ఓడి మరుసటి ఏడాది ప్రపంచకప్‌కే దూరమైంది. 2024 కోపా అమెరికాలో (అమెరికా ఖండాల దేశాల ఫుట్‌బాల్ టోర్నీ) పనామాపై మన ఆటగాడు టిమ్ వేయా 18వ నిమిషంలోనే రెడ్ కార్డు తెచ్చుకున్నాడు. ఆ మ్యాచ్ పోయింది, ఉరుగ్వేతోనూ ఓడి గ్రూపు దశలోనే ఇంటికి. (ఇల్లు ఇక్కడేననుకోండి, ఆ టోర్నీకి ఆతిథ్యం అమెరికాదే!) ఆ తర్వాతే పొచెట్టీనోను కోచ్‌గా తెచ్చారు.

నా అసలు బాధ బేస్‌బాల్‌లో రిలీఫ్ పిచ్చింగ్, అంటే మ్యాచ్ మధ్యలో బంతి విసిరేవాణ్ని మార్చి మరొకణ్ని దించడం. మన క్రికెట్‌లో డెత్ ఓవర్లు ఎవరికివ్వాలన్న టెన్షన్ లాంటిదే. 2024 వరల్డ్ సిరీస్ (అమెరికా బేస్‌బాల్ ఫైనల్) మొదటి మ్యాచ్‌, పదో ఇన్నింగ్స్. డాడ్జర్స్‌పై యాంకీస్ ఒక్క పరుగు ఆధిక్యంలో ఉంది. నెల రోజులకు పైగా మ్యాచ్‌లో బంతి వేయని నెస్టర్ కోర్టెస్‌ను దించారు. తొలి బంతికే డాడ్జర్స్ బ్యాటర్ ఒహ్తానీ ఔట్! తర్వాతి బ్యాటర్ బెట్స్‌కు ఆడే అవకాశమివ్వకుండా కావాలనే మొదటి బేస్‌కు పంపి (దీన్నే వాక్ అంటారు) మూడు బేస్‌లూ నింపారు. మరుసటి బంతికి ఫ్రెడ్డీ ఫ్రీమన్ గ్రాండ్ స్లామ్ కొట్టాడు, అంటే బేస్‌లన్నీ నిండి ఉండగా కొట్టే నాలుగు పరుగుల హోమ్ రన్. డాడ్జర్స్ 6-3. యాంకీస్‌లో మరో రిలీఫ్ పిచ్చర్ టిమ్ హిల్ సిద్ధంగానే ఉన్నాడు. అతన్నెందుకు దించలేదో నాకిప్పటికీ అర్థం కాదు.

- ఒక పాఠకుడు, న్యూజెర్సీ