ఆ అధికారి మీద విచారణ ఏమైందో చెప్పండి: ఆర్థిక మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర ఆర్థిక మంత్రి గారికి,

హైదరాబాద్ రాణిగంజ్‌లో మోటార్లు, పైపు ఫిట్టింగులు అమ్ముకునే ఒక చిన్న వ్యాపారి నమస్కరించి రాసుకునేది.

అమ్మా, మా షాపు బ్యాంకు ఖాతాను ఆపేయించిన ఒక జీఎస్టీ అధికారి మీద విచారణ చేయమని ఇంతకుముందే అర్జీలు పెట్టుకున్నాను. రిజిస్టర్డ్ పోస్టులో పంపాను, ఫిర్యాదుల పోర్టల్‌లో కూడా ఎక్కించాను. ప్రతిసారీ 'సంబంధిత కార్యాలయానికి పంపడమైనది' అని ఒక్క ముక్క రాసి మూసేశారు. నేను ఎవరి మీద ఫిర్యాదు చేశానో, ఆ సంబంధిత కార్యాలయం ఆయనదే. అందుకే ఇప్పుడు నలుగురూ చదివేలా రాస్తున్నాను. పేరు ఇక్కడ రాయను. నా అర్జీల్లో ఉంది.

ఉత్తరాది సప్లయర్ ఒకరి దగ్గర మేం మోటార్లు కొన్నాం. సరుకు వచ్చింది. సరుకు రవాణాకు తీసిన ఈ-వే బిల్లు ఉంది, లారీ ఆఫీసు రసీదు ఉంది, కాటా చీటీ ఉంది, డబ్బు బ్యాంకు ద్వారానే వెళ్లింది. చాలా నెలల తర్వాత ఆ సప్లయర్ జీఎస్టీ రిజిస్ట్రేషన్ రద్దయింది, అదీ వెనకటి తేదీ నుంచి. దాంతో జీఎస్టీ వాళ్లు మా బిల్లులు బోగస్ అన్నారు, మేం వాడుకున్న ఇన్‌పుట్ క్రెడిట్, అంటే కొనేటప్పుడు కట్టిన పన్నును మేం కట్టాల్సిన దాంట్లో తగ్గించుకోవడం, చెల్లదన్నారు. నోటీసు ఇవ్వండి, జవాబిస్తాం అని చెప్పుకున్నాం. నోటీసు మా చేతికి రాకముందే ఖాతా ఆపమని బ్యాంకుకు కాగితం వెళ్లిపోయింది.

దసరా ముందు జీతాలకని డబ్బు తీయబోతే, కౌంటర్లో అమ్మాయి స్క్రీన్ నా వైపు తిప్పింది. బ్యాలెన్స్ కనిపిస్తోంది, దాని కింద ఎర్రగా 'డెబిట్ ఫ్రీజ్' అని ఉంది. "పైనుంచి ఆర్డరొచ్చింది సార్, మా చేతుల్లో ఏం లేదు" అంది. అంతకుముందే రాసిచ్చిన చెక్కులు ఒకటి తర్వాత ఒకటి వెనక్కొచ్చాయి. ఇరవై ఏళ్లుగా మా మాట మీద సరుకు పంపినవాళ్లు ఫోన్ చేసి, ముందు డబ్బు వేస్తేనే లోడు ఎత్తుతామన్నారు. మాకు రావాల్సిన బాకీలన్నీ పడేది ఆ ఖాతాలోకే. పడిన డబ్బు పడినట్టే ఇరుక్కుపోయేది, తీసుకునే దారి లేదు. హమాలీలకు పండగ మామూలు ఇవ్వలేకపోయాను. షాపులో పిల్లల జీతాలకు మా ఆవిడ గాజులు కుదువపెట్టాం. లోన్ కిస్తీ తప్పింది, సిబిల్ స్కోరు పడిపోయింది. ఖాతా తెరుచుకున్నాక కూడా ఆ స్కోరు మమ్మల్ని వదల్లేదు. ఏ బ్యాంకుకు వెళ్లినా ఓవర్‌డ్రాఫ్ట్ పెంచం పొమ్మన్నారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఒకాయన షాపుకొచ్చాడు. సారు తనకు బాగా తెలుసన్నాడు, మాట్లాడుకుంటే ఖాతా తెరుచుకుంటుందన్నాడు, ఎంతివ్వాలో కూడా చెప్పాడు. నేను ఇవ్వలేదు. అతను అడిగింది ఆ అధికారి తరఫునో, ఆయన పేరు చెప్పుకుని సొంతానికో తేల్చాల్సింది శాఖలో అవినీతిని విచారించే విజిలెన్స్ విభాగం. నేను తేల్చలేను. అతని ఫోన్ నంబరు, అతను పంపిన మెసేజ్‌లు అర్జీకి జతచేశాను. చూశామని గానీ, అందులో పస లేదని గానీ ఈరోజుకీ ఎవరూ చెప్పలేదు.

చివరికి హైకోర్టుకెళ్తే ఖాతా మీద పెట్టిన ఆ అటాచ్‌మెంట్ ఎత్తేశారు. జీఎస్టీ చట్టం సెక్షన్ 83 కింద ఖాతా స్తంభింపజేయడం చాలా కఠినమైన అధికారమని, ప్రభుత్వ ఆదాయాన్ని కాపాడటానికి అది తప్ప గత్యంతరం లేదని ఆధారాలతో నమ్మినప్పుడే వాడాలని సుప్రీంకోర్టు 2021లోనే చెప్పింది. ఆ ఆర్డర్ మీద సంతకం పెట్టాల్సింది కమిషనర్. ఆ తీర్పు ఆయనకు తెలియదంటే నేను నమ్మను.

మరి ఆ సంతకం పెట్టిన అధికారికి ఏమైంది? జీఎస్టీ డే నాడు వేదిక మీద ప్రశంసాపత్రం అందుకున్నారు. ఆ తర్వాత ప్రమోషన్ వచ్చింది. ఆయన అంతకుముందు పనిచేసిన ఊళ్లలోనూ ఇలాంటి ఫిర్యాదులే ఉన్నాయని అక్కడి వ్యాపారులు అంటున్నారు. ఫిర్యాదు వచ్చిన చోటునుంచి బదిలీ, బదిలీ అయిన చోట ఇంకా పెద్ద కుర్చీ. ఇంతేనా అమ్మా ఒక అధికారి సర్వీసు?

మీ ప్రభుత్వం చేయలేక కాదు. 2019 జూన్‌లో, ప్రజాప్రయోజనం కోసం ఉద్యోగిని ముందే రిటైర్ చేయించే రూల్ 56(జె) కింద 12 మంది ఆదాయపు పన్ను అధికారులను, అదే నెలలో 15 మంది కస్టమ్స్, ఎక్సైజ్ అధికారులను నిర్బంధంగా రిటైర్ చేయించారు. అందులో ప్రిన్సిపల్ కమిషనర్ స్థాయివాళ్లూ ఉన్నారు. ఆ వార్త చదివిన రోజు మా బజార్లో ఎంత ధైర్యం వచ్చిందో మీకు తెలియదు. ఆ ధైర్యంతోనే నేను అర్జీ పెట్టాను.

రూళ్లు ఏమిటో మా వకీలు ఓపిగ్గా చెప్పారు. విధి నిర్వహణలో తీసుకున్న నిర్ణయం మీద అవినీతి దర్యాప్తు మొదలవ్వాలంటే అవినీతి నిరోధక చట్టం సెక్షన్ 17ఎ కింద ముందు అనుమతి కావాలి. అనుమతి ఇస్తారో లేదో మూడు నెలల్లో, తప్పదంటే ఇంకో నెలలో చెప్పాలి. ప్రమోషన్‌ను సీల్డ్ కవర్లో పెట్టాలంటే, అంటే తేలేదాకా ఆపి ఉంచాలంటే, ఆరోపణలు రాసి ఛార్జ్ మెమో ఇచ్చి ఉండాలి, ఉత్త ఫిర్యాదు చాలదని 1991లో సుప్రీంకోర్టు చెప్పింది. అది న్యాయమే. ఎవడో రాసిన ఆకాశరామన్న ఉత్తరానికి ఒక అధికారి జీవితం ఆగిపోకూడదు. కానీ నేను పేరు, అడ్రసు రాసి సంతకం పెట్టిన ఫిర్యాదు ఇచ్చాను. దాని మీద విచారణే జరపకపోతే మెమో ఎక్కడినుంచి వస్తుంది? మెమో లేదు కాబట్టి విజిలెన్స్ క్లియరెన్స్, క్లియరెన్స్ ఉంది కాబట్టి ప్రమోషన్. శాఖాపరమైన విచారణ ఆరు నెలల్లో, ఎంత ఆలస్యమైనా ఏడాదిలో ముగించాలని 2015లో అదే సుప్రీంకోర్టు చెప్పింది. మొదలే కాని విచారణకు ఆ గడువు వర్తించదు కదమ్మా!

సమాచార హక్కు కింద అడిగాను. సెక్షన్ 8(1)(జె), అధికారి వ్యక్తిగత సమాచారం, ఇవ్వబోమన్నారు. దానికి 2012 నాటి సుప్రీంకోర్టు తీర్పు చూపించారు. నేను ఆయన ఆస్తుల వివరాలు అడగలేదు, ఇంటి సంగతులు అడగలేదు. నా ఫిర్యాదు ఎవరి బల్ల మీద ఉందని అడిగాను. ఫిర్యాదు నాది, దాని గతి నాకు చెప్పడానికి ఏమిటి అడ్డం?

ఆయన్ను సస్పెండ్ చేయమని నేను అడగడం లేదు. ఆయన తప్పు చేయలేదని విచారణలో తేలితే ఆ మాటే రాసి పంపండి, తలవంచి తీసుకుంటాను. మీరు చేయాల్సిందల్లా నా ఫిర్యాదును ఆయన కింద పనిచేసేవాళ్ల చేతుల్లోంచి తీసి, ఆయనతో సంబంధం లేని అధికారికి అప్పగించడం. నా మాట వినమనండి. ఆ మెసేజ్‌లు చూడమనండి. ఏమైందో నాకు చెప్పించండి. మా బజార్లో ఇలా ఖాతాలు ఆగిపోయినవాళ్లు ఇంకా ఉన్నారు, నోరు విప్పితే మళ్లీ తనిఖీకి వస్తారని భయపడుతున్నారు. వాళ్ల మాటా వినండి. దయచేసి ఈసారైనా 'సంబంధిత కార్యాలయానికి' పంపకండి.

అక్‌నాలెడ్జ్‌మెంట్లు, హైకోర్టు ఆర్డర్ కాపీ, ఆ మెసేజ్‌ల ప్రింట్లు అన్నీ నా దగ్గర ఫైల్లో ఉన్నాయి. ఎప్పుడు రమ్మంటే అప్పుడు, ఢిల్లీకైనా సరే, పట్టుకుని వస్తాను.

ఇట్లు,
మీ విధేయుడు,
ఒక వ్యాపారి, రాణిగంజ్, హైదరాబాద్