కిడ్నీ జబ్బు పిల్లికి ఇంట్లో సెలైన్ ఎక్కించడం నేర్పించాలి

సంపాదకులకు నమస్కారం.

ముసలి పిల్లి చిక్కిపోతుంటే వయసు మీద పడిందని చాలా ఇళ్లలో వదిలేస్తున్నారు. 4 కిలోల పిల్లి రోజుకు 200 మి.లీ.కు మించి నీళ్లు తాగుతూ, మూత్రం ఎక్కువగా పోస్తుంటే కిడ్నీలను అనుమానించాలి. షుగరు, థైరాయిడ్ జబ్బుల్లోనూ ఇలాగే తాగుతుంది కాబట్టి రక్తం, మూత్రం, బీపీ చూపించాకే మందు. కిడ్నీ జబ్బు పూర్తిగా నయం కాదు. కానీ తొలిదశలో పట్టుకుంటే ఏళ్ల తరబడి బతికిన పిల్లులున్నాయి.

జబ్బు ముదిరాక తాగే నీళ్లు చాలవు, మన ఎండాకాలంలో మరీను. అప్పుడు డాక్టరు చర్మం కింద సెలైన్ రాస్తారు. మామూలుగా ఒకసారికి 75 నుంచి 150 మి.లీ.; ఎంత, ఎన్ని రోజులకోసారి అన్నది డాక్టరే చెప్పాలి. మందుల షాపులో ఊరికే ‘సెలైన్’ అని అడగొద్దు. సీసా మీద రింగర్ లాక్టేట్ అని ఉందో లేదో చూసుకోవాలి. గ్లూకోజు కలిసిన సీసాను చర్మం కింద ఎక్కిస్తే అక్కడ చీము పట్టి, చర్మం ఊడివచ్చే ప్రమాదం ఉంది.

సీసాను గోరువెచ్చటి నీళ్లలో ఉంచి, మణికట్టు మీద చుక్క వేసి చూడండి. చల్లటిది ఎక్కిస్తే పిల్లి రెండోసారి చేతికి చిక్కదు. కిటికీ ఊచకు ఎత్తుగా తగిలించి, ఎంతవరకు దిగాలో సీసా మీద పెన్నుతో గీత పెట్టుకోవాలి. భుజాల మధ్య చర్మాన్ని గుడారంలా పైకి లాగి, 18 లేదా 20 నంబరు కొత్త సూదిని వీపుకు సమాంతరంగా దూర్చాలి. అవతలి వైపు బొచ్చు తడిస్తే సూది చర్మం దాటిపోయినట్టు. ధార ఆగితే సూదిని కొద్దిగా తిప్పితే చాలు. తీశాక ఒక నిమిషం నొక్కి పట్టుకోవాలి. నీరు ముందరి కాలి వైపు దిగి ఉబ్బినట్టు కనిపిస్తుంది, కొన్ని గంటల్లో ఇంకిపోతుంది. మరుసటి రోజుకీ ఇంకకపోయినా, నిద్రలో నిమిషానికి ఊపిరి 30 దాటినా ఇక ఎక్కించకుండా వెంటనే డాక్టరును కలవాలి. గుండె జబ్బున్న పిల్లికి ఈ నీరే ముప్పు.

మన వైపు పిల్లికి ఎండు నెత్తళ్లు, చేప తలకాయలు వేయడం అలవాటు. ఎండుచేపలో ఉప్పు, ముళ్లలో ఫాస్ఫరస్ ఎక్కువ. ఉప్పు లేకుండా ఉడికించిన ముళ్లు తీసిన చేప, మెత్తటి కోడిమాంసం నయం. అయితే పథ్యం పేరుతో కడుపు మాడ్చకండి. రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే లివరుకు కొవ్వు పట్టి అదే ప్రాణం తీస్తుంది. నీరసంగా ఉందని మన పారాసిటమాల్ మాత్ర ఇవ్వడం పిల్లికి విషమివ్వడమే. ఉన్నట్టుండి చూపు పోతే బీపీ పెరిగి ఉండొచ్చు, ఆ రోజే చూపించాలి.

ఒంగోలు గిత్తకూ నెల్లూరు జుడిపి గొర్రెకూ పేరున్న జిల్లాలివి. పశువుల ఆసుపత్రుల్లో పాడి పశువులకు ముందు పీట వేయడం న్యాయమే. నెల్లూరు, ఒంగోలు, కావలి లాంటి పట్టణాల్లోనైనా వారానికి ఒక పూట పిల్లులకు కేటాయించి, మొదటి సూదిని డాక్టరు దగ్గరుండి యజమాని చేతే వేయించాలని పశుసంవర్ధక శాఖను కోరుతున్నాం. చిన్న తూకం, పిల్లి కాలికి సరిపడే బీపీ పట్టీ అక్కడ ఉంచితే చాలు.

– పిల్లుల పెంపకందారులు, కావలి