నీ రక్తం మా ఇద్దరిదే, బిడ్డా

నల్లగొండ,
ఆదివారం రాత్రి

బిడ్డా,

పొద్దున ఫోన్‌లో నువ్వు ఏడుస్తుంటే నాకు నోట మాట రాలేదు. నీ వెనక ఇంకా చాలామంది పిల్లలు లైన్‌లో ఉన్నారని ఐదు నిమిషాలకే పెట్టేశావు. అందుకే కాగితం మీద రాస్తున్నా. అర్థం కాని చోట మళ్లీ చదువుకోవచ్చు.

నువ్వు అడిగినవి రెండు. హెల్త్ కార్డు మీద నీది ‘ఓ’ పాజిటివ్ అని రాశారు, అమ్మది ‘ఏ’, నాది ‘బి’, మరి నేను మీ బిడ్డనేనా అని ఒకటి. నాయినమ్మ కాళ్లు వంగిపోయాయి, నా పళ్ల మీద గోధుమరంగు గీతలున్నాయి, అవి నీకూ వస్తాయా అని ఇంకొకటి. హాస్టల్లో ఎవరో "అది మీ రక్తంలోనే ఉంది" అన్నారట కదా. ఆ మాట మన ఇంట్లో ఇంతకుముందు కూడా వినిపించింది. దాని సంగతి తర్వాత చెప్తా.

ముందు బ్లడ్ గ్రూప్. నాలుగో తరగతిలో నీకు జ్వరం వచ్చినప్పుడు నేను పనిచేసే ల్యాబ్‌కే తీసుకొచ్చి, నేనే నీ వేలికి సూది గుచ్చాను. గాజు స్లైడ్ మీద మూడు చోట్ల నీ రక్తం చుక్కలు పెట్టి, ఒకదాంట్లో నీలం మందు, ఒకదాంట్లో పసుపు మందు, మూడోదాంట్లో రంగులేని మందు కలిపాను. నీలం దాంట్లో రక్తం ఇసుక పలుకుల్లా ముద్దలు కడితే ‘ఏ’ ఉన్నట్టు, పసుపు దాంట్లో కడితే ‘బి’ ఉన్నట్టు. నీ రక్తం ఆ రెండింట్లోనూ నున్నగా అలాగే ఉండిపోయింది. మూడోదాంట్లో మాత్రం పలుకులు కట్టింది. ‘ఏ’, ‘బి’ రెండూ లేవు కాబట్టి ‘ఓ’, మూడోదాంట్లో కట్టింది కాబట్టి పాజిటివ్. నాకు ఆశ్చర్యమేమీ కలగలేదు.

మనిషి కణంలో 46 క్రోమోజోములు ఉంటాయి, 23 జతలు. అవి సన్నని దారాల్లాంటివి, మన లక్షణాల్ని నిర్ణయించే జన్యువులు వాటి మీదే ఉంటాయి. ప్రతి జతలో ఒకటి అమ్మ ఇచ్చింది, ఒకటి నాన్న ఇచ్చింది. అందుకే దాదాపు ప్రతి జన్యువూ మనలో రెండేసి ఉంటుంది. బ్లడ్ గ్రూప్ జన్యువు తొమ్మిదో జత మీద ఉంటుంది. ‘ఏ’ రకం జన్యువు ఎర్ర రక్తకణం పైన ఒక గుర్తు తయారుచేస్తుంది, ‘బి’ రకం ఇంకో గుర్తు చేస్తుంది. ‘ఓ’ రకం ఏ గుర్తూ చేయదు. నాలో ఒకటి ‘బి’, రెండోది ‘ఓ’. రక్తం పరీక్షలో కనిపించేది ‘బి’ మాత్రమే. అమ్మలో ఒకటి ‘ఏ’, రెండోది ‘ఓ’. బయటికి ‘ఏ’నే కనిపిస్తుంది. మేము పిల్లలకు ఇచ్చేది ఆ రెండింట్లో ఏదో ఒకటి. నీకు నా నుంచి ‘ఓ’ వచ్చింది, అమ్మ నుంచీ ‘ఓ’నే వచ్చింది. తమ్ముడికి నా ‘బి’, అమ్మ ‘ఏ’ కలిసి ‘ఏబీ’ అయింది. మా ఇద్దరికి పుట్టే ఏ బిడ్డకైనా ‘ఏ’, ‘బి’, ‘ఏబీ’, ‘ఓ’ నాలుగింటికీ సమానంగా అవకాశం ఉంది. మీ ఇద్దరి గ్రూపులూ మాతో కలవలేదు. అయినా ఇద్దరూ మా పిల్లలే.

మీ పాఠంలో అంతర్గత లక్షణం అని ఉంటుంది చూడు, మా ఇద్దరిలో బయటపడకుండా ఉన్న ‘ఓ’ లాంటిదే అది. దాన్ని మొదట పట్టుకున్నది మెండెల్ అనే క్రైస్తవ సన్యాసి. బ్రనో అనే ఊరిలో మఠం తోటలో 1856 నుంచి ఎనిమిదేళ్లు బఠాణీ మొక్కలు పెంచాడు. గుండ్రని గింజల మొక్కనూ ముడతల గింజల మొక్కనూ కలిపితే మొదటి తరంలో అన్నీ గుండ్రని గింజలే. ముడత పోయిందనే ఎవరైనా అనుకుంటారు. ఆయన ఆ గింజల్ని మళ్లీ నాటి, వచ్చిన పంటను గింజ గింజా లెక్కపెట్టాడు. గుండ్రనివి 5,474, ముడతలవి 1,850. అంటే దాదాపు మూడుకు ఒకటి. ముడత ఎక్కడికీ పోలేదు, ఒక తరం పాటు కనిపించకుండా ఉంది, అంతే. 1866లో ఆయన ఇదంతా అచ్చు వేయిస్తే పట్టించుకున్నవాళ్లు దాదాపు లేరు. 1884లో చనిపోయాడు. దాని విలువ లోకానికి తెలిసింది 1900లో. ఆ సంగతి చదివినప్పుడల్లా నాకు మనసులో బాధగా ఉంటుంది.

ఇక నాయినమ్మ కాళ్లు. ఆమె గోడ పట్టుకుని నడుస్తుంది. వెనక నుంచి పిలిస్తే మెడ తిరగదు, మనిషి మొత్తం తిరగాల్సిందే. ఇది ఆమెకు పుట్టుకతో వచ్చింది కాదు, నీళ్లతో వచ్చింది. మన మర్రిగూడ వైపు నేలంతా గ్రానైటు రాయి. ఆ రాళ్లలోని ఫ్లోరైడ్ కరిగి బోరింగు నీళ్లలో కలుస్తుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. మా చిన్నప్పుడు ఊళ్లో తాగిన నీళ్లలో అంతకు ఎన్నో రెట్లు ఉండేది. ఏళ్ల తరబడి అవే తాగితే అది ఎముకల్లో పేరుకుని కీళ్లు బిగుసుకుపోతాయి.

ఇంటిల్లిపాదికీ ఉంటే రక్తంలోనే ఉందని అనుకోవడం సహజం. కానీ ఒకటి ఆలోచించు. నాయినమ్మ ఆ ఊరి ఆడపడుచు కాదు, కోడలిగా వచ్చింది. ఆమె అన్నదమ్ములు పుట్టిన ఊళ్లోనే ఉన్నారు, వాళ్లకు ఈ బాధ లేదు. వంశంలో ఉంటే వాళ్లకూ రావాలి కదా? మా ఇంట్లో అందరిదీ ఒకటే బోరింగు, అందుకే అందరికీ ఒకటే జబ్బు. ఫ్లోరైడ్ ఎముకల్లో, పళ్లలో చేరుతుంది. కానీ మేము మీకు ఇచ్చే జన్యువుల్లో వంకర కాళ్లనేవి ఎక్కడా రాసి ఉండవు.

నా పళ్ల సంగతీ అంతే. పాలపళ్లు ఊడాక వచ్చే పళ్లు చిగురు లోపల తయారయ్యేది చిన్నతనంలోనే, దాదాపు ఎనిమిదేళ్ల లోపు. ఆ వయసులో నేను ఊళ్లోనే ఉన్నా, అందుకే ఈ గీతలు. నువ్వు పుట్టకముందే మేం నల్లగొండకు వచ్చేశాం. నువ్వు తాగి పెరిగింది పానగల్లు ఉదయ సముద్రం నీళ్లు, అంటే కృష్ణా నీళ్లు. అద్దంలో నీ పళ్లు చూసుకో, ఒక్క మచ్చ కూడా ఉండదు.

అప్పుడు ఇదంతా తెలియక మీ పెద్దత్తకు అన్యాయం జరిగింది. సంబంధం కుదిరాక అబ్బాయి తరపు వాళ్లు "ఆ ఊరి పిల్లకు పుట్టే పిల్లలూ అట్లనే ఉంటరు" అని వెనక్కి పోయారు. అత్త మూడు రోజులు అన్నం ముట్టలేదు. ఆనాడు నాకు ఇది తెలిసి ఉంటే వాళ్ల ముందు కూర్చుని ఒక్కొక్కటే చెప్పేవాణ్ని. తర్వాత మిర్యాలగూడ వైపు ఇచ్చాం. సాగర్ కాలువ నీళ్లు తాగి పెరిగిన మీ బావ నవ్వితే పళ్లు ఎట్లా మెరుస్తాయో నీకు తెలుసు.

ఇట్లాంటి నిందే నువ్వు పుట్టినప్పుడు అమ్మ మీద పడింది, ఆడపిల్లను కన్నదని. అమ్మ దగ్గర ఉన్నవి రెండూ ఎక్స్ క్రోమోజోములే, బిడ్డకు ఎక్స్ తప్ప ఇంకోటి ఇచ్చే వీలే లేదు. ఎక్స్ గానీ వై గానీ ఇచ్చేది తండ్రి. ఎక్స్ ఇస్తే ఆడపిల్ల, వై ఇస్తే మగపిల్లాడు. నీకు ఎక్స్ ఇచ్చింది నేను. అందుకు నాకెంత సంతోషమో చెప్పలేను.

రెండో శనివారం నేనూ అమ్మా వస్తాం. నాయినమ్మ సకినాలు చేయిస్తోంది. ఈలోగా నీకొక లెక్క. పెద్దత్తది కూడా ‘ఓ’ పాజిటివే. నాయినమ్మది ‘బి’. తాత ఒక్కసారి కూడా రక్తం పరీక్ష చేయించుకోకుండానే పోయాడు. ఆయనది ఏ గ్రూప్ అయ్యే అవకాశమే లేదో కాగితం మీద రాసి పెట్టు.

మీ బాపు