‘బార్డర్ బీపీ’ని వదిలేయొద్దు

సంపాదకులకు,

డెల్టా ఊళ్లలో పండగలకీ పుట్టినరోజులకీ ఉచిత బీపీ క్యాంపులు పెడుతున్నారు. సంతోషం. కానీ అక్కడ 135/85 వచ్చినవాళ్లని ‘బార్డర్‌లో ఉంది, ఏం ఫర్వాలేదు’ అని పంపేస్తున్నారు. మా అభ్యంతరం ఆ ‘ఏం ఫర్వాలేదు’ మీదే.

140/90 అన్నది చాలామందికి మందులు మొదలెట్టడానికి పెట్టుకున్న హద్దు. ముప్పు అంతకు చాలా ముందే, 115/75 దగ్గర్నుంచే పెరుగుతూ వస్తుంది. సుమారు పది లక్షల మంది వివరాలు కలిపి 2002లో వేసిన లెక్క ప్రకారం, 40–69 ఏళ్ల వాళ్లలో పై బీపీ 20 గానీ కింది బీపీ 10 గానీ పెరిగితే గుండెపోటుతో, పక్షవాతంతో చనిపోయే ముప్పు రెట్టింపవుతుంది. 115కీ 135కీ తేడా సరిగ్గా ఆ ఇరవయ్యే. ఎక్కువ ఒత్తిడికి ఎదురు తోసీ తోసీ గుండె ఎడమ గది గోడ మందమవుతుంది, ధమనుల లోపొర దెబ్బతిని కొవ్వు పేరుకుంటుంది. నొప్పీ నలతా ఉండవు కాబట్టి ఏళ్ల తరబడి తెలియదు. షుగరు ఉన్నా, కిడ్నీ జబ్బున్నా, అంతకుముందు గుండెపోటు వచ్చినా 130 దాటగానే మందు గురించి డాక్టరుని అడగాల్సిందే. లంక పొగాకు చుట్ట కాల్చేవాళ్లకీ ఇది చిన్న అంకె కాదు. 2003–04లోనే ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో మరణాల కారణాలు ఆరా తీస్తే, దాదాపు మూడోవంతు గుండె, రక్తనాళాల జబ్బులవే అని తేలింది.

అయితే ఆ 135 నిజమైనదేనా? క్యాంపులో బస్సు దిగి ఎండలో నడిచొచ్చినవాళ్లని బల్ల మీద కూర్చోబెట్టి, బిగుతు చొక్కా చెయ్యి పైకి మడిచి, కబుర్లు చెబుతూ చూసేస్తారు. వీపుకి ఆనుడు లేకపోయినా, చెయ్యి కిందికి వేలాడినా, కాలు మీద కాలేసుకున్నా, మాట్లాడుతున్నా, మూత్రం ఆపుకున్నా అంకె పెరుగుతుంది. లావు చేతికి చిన్న పట్టీ చుట్టినా అంతే. అరగంట ముందు నుంచీ కాఫీ, టీ, పొగ మానాలి. కుర్చీలో ఆనుకుని ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి, పట్టీ కింది అంచు మోచేతి మడతకి రెండు వేళ్లు పైన ఉండాలి. నిమిషం తేడాతో రెండుసార్లు చూసుకోవాలి. ఇంట్లో మిషన్ ఉంటే వారం పాటు ఉదయం, సాయంత్రం రాసుకుని, మొదటి రోజువి వదిలేసి మిగతావాటి సగటు తీయాలి. మణికట్టుకి కట్టే మిషన్ల కంటే జబ్బకి కట్టేవే నమ్మకం.

ఇక ఉప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది మనిషికి రోజుకి 5 గ్రాముల లోపు. చెంచాలతో కొలవడం ఎవరి వల్లా కాదు గానీ, ప్యాకెట్‌తో తేలిగ్గా తెలుస్తుంది. నలుగురున్న ఇంట్లో కిలో ఉప్పు కనీసం 50 రోజులు రావాలి. చేపలు కడిగే కళ్లుప్పు లెక్క వేరే. మీ ఇంట్లో నెలకే అయిపోతోందా? పైగా కారం, ఆవపిండితో దాదాపు సమానంగా ఉప్పు పడే ఆవకాయ ఈ లెక్కలోకి రాదు, ఉప్పుచేప, ఎండు నెత్తళ్లు, ఊరమిరపకాయలు, అప్పడాలూ రావు. ఆవకాయ మానమని గోదావరి వాళ్లకి చెప్పడం వృథా. ముద్దపప్పుతో రెండు ముద్దలకి సరిపెట్టుకుని, ఆ పూట కూరలో ఉప్పు తగ్గించుకోవచ్చు. పెరుగన్నంలో ఉప్పు మాత్రం పూర్తిగా మానేయొచ్చు.

నాట్ల రోజుల్లో ఒళ్లు నొప్పులకని వరసగా మింగే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ బిళ్లలు కూడా బీపీని పెంచుతాయి. ఇది చాలామందికి తెలియదు. అరటిపళ్లు, కొబ్బరినీళ్లలోని పొటాషియం బీపీకి మేలే, కానీ కిడ్నీ జబ్బున్నవాళ్లు డాక్టరుని అడక్కుండా తీసుకోకూడదు. రోజూ అరగంట నడక, నడుం చుట్టుకొలత తగ్గించడం, తాగుడు మానడం తెలిసినవే. మూడు నెలలు ఇలా చేసి మళ్లీ చూపించుకోవాలి.

క్యాంపులు పెట్టే పెద్దలకి ఒక విన్నపం. కూర్చునే బల్లలు తీసేసి ఆనుకునే కుర్చీలు నాలుగు, చిన్నవీ పెద్దవీ రెండు సైజుల పట్టీలు పెట్టండి. వచ్చిన అంకెని తేదీతో సహా చీటీ మీద రాసి చేతికివ్వండి. ఆ చీటీ పట్టుకుని ఊళ్లోని ఆరోగ్య కేంద్రంలో ఏఎన్ఎంని కలిస్తే మళ్లీ ఎప్పుడు చూపించుకోవాలో చెబుతారు.

– కోనసీమ నుంచి కొందరు వైద్య సిబ్బంది