వార్షిక నివేదిక: ఇరాక్ యుద్ధానికి జవాబుదారీ ఎవరు?

సభ్యులకు నమస్కారం.

గత సర్వసభ్య సమావేశం తీర్మానం ప్రకారం ఈ ఏడాది మన చర్చావేదిక ఒకే అంశాన్ని పట్టుకుంది: 2003 ఇరాక్ యుద్ధానికి బాధ్యులెవరు? పాత గొడవ ఇప్పుడెందుకని కొందరు అడిగారు. ఊహలతో కాక కాగితాలతో వాదించుకోగలిగిన యుద్ధం కనుకే కార్యవర్గం దాన్ని ఎంచుకుంది.

మొదటి గోష్ఠులన్నీ అమెరికా చమురు సేవల కంపెనీ హాలిబర్టన్ చుట్టూనే తిరిగాయి. డిక్ చేనీ 1995 నుంచి 2000 దాకా ఆ కంపెనీ అధిపతి, 2001 నుంచి 2009 దాకా అమెరికా ఉపాధ్యక్షుడు. ఇరాక్ చమురు క్షేత్రాల పునరుద్ధరణ పని 2003 మార్చిలో టెండరు పిలవకుండానే హాలిబర్టన్ అనుబంధ సంస్థ కేబీఆర్‌కు దక్కింది. గరిష్ఠ పరిమితి 700 కోట్ల డాలర్లు. అభ్యంతరం చెప్పిన అధికారిణి బన్నటైన్ గ్రీన్‌హౌస్‌ను 2005లో పదవి నుంచి దించారు. ఇదంతా వింటూ సభ ఊగిపోయింది. దుష్టుడెవరో తెలిస్తే మనకు అదొక హాయి!

ఓట్ల పట్టిక ఆ హాయిని చెడగొట్టింది. 2002 అక్టోబరులో యుద్ధానికి అనుమతినిచ్చే తీర్మానం అమెరికా ప్రతినిధుల సభలో 296-133తో, సెనేట్‌లో 77-23తో నెగ్గింది. సెనేట్‌లోని 50 మంది డెమోక్రాట్లలో 29 మంది సరేనన్నారు. జో బైడెన్, హిల్లరీ క్లింటన్, జాన్ కెర్రీ వారిలోనివారే. అలాగని రెండు పార్టీలూ ఒకటేనని తేల్చేయడానికీ లేదు. ప్రతినిధుల సభలో 126 మంది డెమోక్రాట్లు వ్యతిరేకించారు, రిపబ్లికన్లలో ఆరుగురే. బ్రిటన్‌లో లేబర్ పార్టీ ప్రభుత్వమే యుద్ధానికి దిగింది. అది ఇష్టంలేక రాబిన్ కుక్ మంత్రివర్గం నుంచి తప్పుకున్నారు.

కంపెనీకి చట్టసభలో ఓటు లేదు, చెయ్యెత్తినవారికి పేర్లున్నాయి. కార్యదర్శిగా నా అభిప్రాయం ఇది. కొందరు మిత్రులు ఒప్పుకోలేదు. ఆయుధ కంపెనీలు తమ పనులను అనేక రాష్ట్రాలకు పంచిపెడతాయి, తన నియోజకవర్గంలో ఉద్యోగాలు పోతాయంటే ఏ పార్టీ సభ్యుడు కాదనగలడు అన్నది వారి వాదన. దానికి నా దగ్గర గట్టి జవాబు లేదు. వారి అసమ్మతిని మినిట్స్ పుస్తకంలో యథాతథంగా రాశాం.

ఆ వాదన మన గడపలోకీ వస్తుంది. అపాచీ యుద్ధ హెలికాప్టర్ల ఫ్యూజిలేజ్‌లు (ప్రధాన దేహ భాగాలు) హైదరాబాదు శివారు ఆదిబట్లలోని టాటా-బోయింగ్ కర్మాగారంలో తయారవుతున్నాయి. 2018లో అది ప్రారంభమైనప్పుడు మనమంతా సంతోషించినవాళ్లమే. ఆ ఉద్యోగాలు కావాలంటూనే ఆ హెలికాప్టర్లు ఎక్కడ ఎగురుతున్నాయో అడగవచ్చా అన్నదాన్ని వచ్చే ఏడాది చర్చాంశంగా కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. సర్వసభ్య సమావేశం ఆమోదించాలి.

వార్షిక చందా పెంచడం లేదు. పాత బకాయిలున్నవారు కోశాధికారికి చెల్లించి రశీదు తీసుకోగలరు.

ఇట్లు,
కార్యదర్శి