ఆకులో ఏముందో చెప్పారు, ఆకు మీద ఏముందో?

సంపాదకులకు నమస్కారములు.

గత ఆదివారం మీ జిల్లా అనుబంధంలో కలుపు మొక్కల్లో యాంటీఆక్సిడెంట్లు (ఆక్సీకరణ వల్ల కణాలకు జరిగే చేటును అడ్డుకునే పదార్థాలు) ఇంత శాతం శక్తితో ఉన్నాయి, కోసుకుని తినండి అంటూ వచ్చిన వ్యాసం చదివి, ఇటువంటివి వస్తూనే ఉంటాయిలే అని పక్కన పెట్టాను. కానీ గురువారం ఉదయం మా పక్కింటి అమ్మగారు నడకకు వెళ్లి, ఏటుకూరు రోడ్డు వైపు ఒక మిరప చేను గట్టు మీద నుంచి గంగపాయల కూర గుడ్డసంచి నిండా కోసుకొచ్చి, "మాస్టారూ, పేపర్లో వేశారుగా, ఈ పూట పప్పులో ఇదే" అని చూపించేసరికి ఈ ఉత్తరం రాయక తప్పలేదు. సంచిలోంచి ఒక రెమ్మ తీసి చూశాను. కాడ ఎర్రగా నిగనిగలాడుతూనే ఉంది. ఆకుల అంచులు మాత్రం వేడినీళ్లు చల్లినట్టు కమిలి, అక్కడక్కడ తెల్లగా పాలిపోయి ఉన్నాయి. ముప్పై ఏళ్లు సైన్సు పాఠాలు చెప్పి, అంతకంటే ఎక్కువ కాలం రెండెకరాల సేద్యం చూసుకున్నవాణ్ణి. ఆ కమలడం గడ్డిమందు వల్లనేనని నాకు అనుమానం లేదు. అయినా ఆ సంచిని చెత్తబుట్టలో వేయించడానికి అరగంట పట్టింది. ఆవిడ చేతిలో అచ్చయిన కాగితం ఉంది మరి, నా దగ్గర నోటిమాటే ఉంది.

వ్యాసంలో ఉన్నదంతా అబద్ధమని నేను అనడం లేదు. గంగపాయల ఆకులో ఒమేగా-3 అనే కొవ్వు వర్గానికి చెందిన ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం, సి, ఇ విటమిన్లు, బీటా కెరోటిన్, గ్లూటాథయోన్ మెండుగా ఉన్నాయని 1992లోనే శాస్త్ర పత్రికల్లో వచ్చింది. వరి గట్ల మీది గుంటగలగర, మెట్ట చేలలోని నేల ఉసిరి, కాలువ ఒడ్డున పెరిగే పొన్నగంటి, వీటన్నిటిలోనూ ఫినాలిక్ పదార్థాలూ ఫ్లేవనాయిడ్లూ అనే యాంటీఆక్సిడెంట్లు ఉన్నాయి. ఎండను, నీటి ఎద్దడిని, పురుగును తట్టుకోవడానికి మొక్క తనకోసం తాను తయారు చేసుకునే సరుకు అది. గుంటూరు ఎండలో బతికే కలుపులో అది లేకపోతేనే ఆశ్చర్యపడాలి. మా అమ్మ గంగపాయలను పెసరపప్పుతో వండేది, అయితే దాన్ని చేలో కాక, పెరట్లో బావి చప్టా పక్కన కోసేది.

వ్యాసకర్త గొప్పగా చెప్పిన ఆ శాతాలు ఎలా వస్తాయో ఒక్క వాక్యం రాసి ఉంటే ఇంత చేటు జరిగేది కాదు. సాధారణంగా ఆకును ఎండబెట్టి, పొడి చేసి, మిథనాల్ అనే విషపు ఆల్కహాల్‌లో నానబెట్టి, ఆ సారాన్ని డీపీపీహెచ్ అనే ఊదారంగు ద్రావణంలో కలుపుతారు. రంగు ఎంత విరిగి పసుపుపచ్చకు తిరిగితే అంత యాంటీఆక్సిడెంట్ శక్తి ఉన్నట్టు లెక్క. మనం పప్పును మిథనాల్‌తో వండుకోం. మన కడుపు పరీక్షనాళికా కాదు. ఇటువంటి గాజునాళిక అంకెలకూ మనిషి ఆరోగ్యానికీ సంబంధం రుజువు కాలేదనీ, వ్యాపారులు వాటిని దుర్వినియోగం చేస్తున్నారనీ చెప్పి అమెరికా వ్యవసాయ శాఖ తన సొంత యాంటీఆక్సిడెంట్ల పట్టికను 2012లో ఉపసంహరించుకుంది. పదేళ్లు దాటినా ఆ కబురు మన జిల్లా అనుబంధాలకు అందకపోవడం విచిత్రం.

ఈ పద్ధతిలో పరీక్షిస్తే వయ్యారిభామ సారం కూడా ద్రావణం రంగును విరిచేస్తుంది. మీ వ్యాసం దాన్ని సైతం గంగపాయల పక్కన కూర్చోబెట్టి గౌరవించింది. ఉత్త చేతులతో వయ్యారిభామను పీకి, మోచేతుల దాకా దద్దుర్లు లేచి, వారం రోజులు నిద్రలేక గోక్కున్న కూలీలను ఒక్కసారి పలకరించి రాస్తే బాగుండేది. నగరంలోని ఖాళీ స్థలాల్లో అది నడుమెత్తు పెరిగి పూత పూస్తున్నా ఎవరికీ పట్టడం లేదు. ఇకపై ఔషధవనం పెంచుతున్నామని అధికారులు చెప్పుకోవడానికి మీరే దారి చూపించారు.

అసలు విషయానికి వస్తాను. కూలి రేట్లు పెరిగి, కలుపు తీతకు మనుషులు దొరకక, రైతులు గట్టునూ సాళ్ల మధ్యనూ గడ్డిమందుతోనే కానిస్తున్నారు. వారిని తప్పుపట్టలేను, మా కౌలుదారూ అదే చేస్తున్నాడు. వాడే మందుల్లో పారాక్వాట్ ఒకటి. అది ఆకులోకి దిగాక వెలుతురు తగలగానే సూపరాక్సైడ్ అనే, కణాలను దెబ్బతీసే ఆక్సిజన్ రూపాన్ని పుట్టించి, ఆక్సీకరణతోనే కణాలను చంపుతుంది. మనిషి కడుపులో పడితే దానికి విరుగుడు లేదు. ఆక్సీకరణ నుంచి కాపాడుతుందని మీరు తినమన్న ఆకు మీద, ఆక్సీకరణతో చంపే మందు పడి ఉండవచ్చునన్న ఊహ వ్యాసం రాసినవారికీ దిద్దినవారికీ రాలేదా? గ్లైఫొసేట్ అనే మరో గడ్డిమందు సంగతి చెప్పనే అక్కర్లేదు. పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఎవరూ వాడరాదని కేంద్రం 2022 అక్టోబరులో ఉత్తర్వు ఇచ్చింది; మా కౌలుదారు మాత్రం ఏ కాగితమూ చూపకుండా, కొట్లో పేరు చెప్పి డబ్బా తెచ్చుకున్నాడు. గట్ల మీది ఆకుకూరలో మందు అవశేషాలు పరీక్షిస్తారా అని సంబంధిత కార్యాలయానికి ఫోన్ చేస్తే, "అది పంట కాదు కదండీ, కలుపు" అన్నారు. పంట కాదు గనుక వారు చూడరు, మీరు రాశారు గనుక జనం తింటారు.

మందు పడని చోట పెరిగినదైనా అందరికీ సరిపడదు. గంగపాయలలో ఆక్సలేట్లు, అంటే మూత్రపిండాల్లో రాళ్లు కట్టడానికి తోడ్పడే లవణాలు, ఎక్కువ. అలాంటి రాళ్లున్నవారు దూరంగా ఉండాలని ఒక్క ముక్క రాయవలసింది. ఇక నాలుగు రోజుల్లోనే "యాంటీఆక్సిడెంట్ గంగపాయల పొడి" అని పొట్లాలు కట్టి, మీ వ్యాసం కత్తిరింపును కొట్టు అద్దానికి అంటించినవారినీ చూశాను. ఫిన్లాండ్‌లో 29 వేల మందికి పైగా పొగతాగే పురుషులపై జరిపిన అధ్యయనంలో, రోజూ బీటా కెరోటిన్ మాత్రలు మింగినవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం పెరిగిందని 1994లో తేలింది. కూరలో తినే ఆకుకూ పొట్లంలోనో మాత్రలోనో మింగే పదార్థానికీ ఉన్న తేడా ఆ కొట్టు యజమానికి తెలియకపోవచ్చు, పత్రికకు తెలియాలి.

చివరగా మీరు వేసిన ఫొటో. కింద గంగపాయల అని రాశారు గాని, అందులో ఉన్నది గలిజేరు. గంగపాయల పువ్వు పసుపుపచ్చగా ఉంటుంది; మీ ఫొటోలోని పువ్వు తెల్లన. అదీ తినే ఆకే కాబట్టి ఈసారికి ప్రమాదం లేకపోయింది. అయితే ఆ పక్కనే నేలబారుగా పాకే రెడ్డివారి నానబాలు వంటి మొక్కలు కూడా తెలియనివారి కంటికి ఒకేలా కనిపిస్తాయి. తుంచితే పాలు కారేది గంగపాయల కాదన్న సంగతి, మందు కొట్టిన గట్టు మీద ఏ ఆకూ కోయవద్దన్న హెచ్చరిక, సరైన ఫొటోతో సహా వచ్చే ఆదివారం అదే పేజీలో అంతే పెద్ద అక్షరాలతో వేయవలసిందిగా కోరుతున్నాను. లోపలి పేజీలో టెండరు ప్రకటనల కింద వేస్తే మా పక్కింటి అమ్మగారి కంట పడదు.

ఇట్లు,
ఒక విశ్రాంత సైన్సు ఉపాధ్యాయుడు,
గుంటూరు.