చెంప మీద గీత గీసిన చెల్లెకు

అమ్మను మొన్న సాయంత్రం దవాఖాన నుంచి ఇంటికి తీసుకొచ్చినం. నిన్నంతా పడుకునే ఉన్న, ఇప్పుడు లేచి రాస్తున్న. తప్పులుంటే సర్దుకోండి, కండ్లు ఇంకా మండుతున్నయి.

ఫోన్లు చేసినోళ్ళందరికీ ఒకేసారి చెప్తున్న, అమ్మ బాగున్నది. అన్నం తింటున్నది, కూరల ఉప్పు తక్కువైందని కసురుతున్నది. తమ్ముడు, మరదలు, మా ఆయన, పిల్లలను చూసుకున్న అత్తమ్మ, వీళ్ళకు థ్యాంక్స్ చెప్తే తిడతరు. చెప్తలేను.

నేను చెప్పుకోవాల్సిన మనిషి వేరే ఉన్నది. ఆమె పేరు నాకు తెల్వదు.

ఆదివారం రాత్రి 9 గంటలకు అమ్మ పై పెదవి బూరెలెక్క ఉబ్బింది. రెండు నెలల్లో ఇది మూడోసారి. ముందు రెండుసార్లు ఊర్లె ఆర్‌ఎంపీ రెండు సూదులిచ్చిండు, రెండు రోజులకు తగ్గింది. సూదులకే తగ్గిందనుకున్నం. వంకాయ పడలేదన్నరు, వంకాయ బంద్ చేసినం. పల్లీలన్నరు, అవీ బంద్. పక్కింటాయనైతే ఫ్లోరైడ్ నీళ్ళ వల్లనే అన్నడు. మన నల్లగొండోళ్ళకు కాలు బెణికినా ఫ్లోరైడే. పండ్లు, బొక్కలు పాడుచేసే నీళ్ళు రాత్రికి రాత్రి పెదవి ఎట్ల ఉబ్బిస్తయని ఆయనను ఎవరడగాలె?

ఈసారి సూది పనిచెయ్యలే. 11 గంటలకు నాలుక మందమై మాట ముద్దముద్దగా వచ్చింది. దగ్గర్ల చూపిస్తే పెద్ద దవాఖానకు రాసిన్రు. కొండమల్లేపల్లి దాటినంక అమ్మ గొంతుల గురగుర మొదలైంది. తమ్ముడు బండి ఎట్ల నడిపిండో వానికే తెల్వాలె.

దవాఖానల ముందు చిట్టీ అన్నరు. తర్వాత ఆధార్ జిరాక్స్ అన్నరు, అర్ధరాత్రి ఒంటిగంటకు. బెడ్ లేదని వరండాల స్ట్రెచర్ మీదనే ఉంచిన్రు. డ్యూటీల ఉన్నది ఒక్క డాక్టరమ్మ, ఆమె చుట్టూ ఇరవై మంది. ఆమెను ఒక్క మాట అనను. తొడకు అడ్రినలిన్ సూది పెట్టింది, ఆక్సిజన్ పెట్టింది, లోపల ఎవరో పడిపోతే అటు ఉరికింది. వాపు మాత్రం కదల్లే. పెదవి మీది నుంచి ఎడమ చెంపకు పాకుతున్నది.

గోడకానుకొని ఒకామె కూర్చున్నది. నాకంటే చిన్నదే, ముప్పై అయిదేండ్లు ఉంటయేమో. అచ్చంపేట దిక్కు ఊరట, బడిల పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండుతదట. పెనిమిటికి కాలు విరిగి లోపల వార్డుల ఉన్నడు. లేచి అమ్మ దగ్గరికొచ్చి చేతులు, మెడ, వీపు లైటు కింద చూసింది.

"అక్కా, ఒంటి మీద దద్దులు లేవు గదా. దురద అంటున్నదా?"

లేదన్న.

"బీపీ గోలీ ఏస్కుంటదా? ఏ గోలీ?"

నాకు పేరు గుర్తులేదు. సంచిల వెతికితే పట్టీ దొరికింది, ఎనలాప్రిల్. నెలనెలా ఇస్తరు, నెలనెలా తెచ్చుకుంటం. ఆ పట్టీ నా చేతుల నుంచి గుంజుకొని, "పోయి డాక్టరమ్మకు చూపియ్యి, ఉరుకు" అన్నది.

చూపించిన. డాక్టరమ్మ పట్టీ వెనక చదివి, నిలబడ్డకాడనే పెద్ద డాక్టరుకు ఫోన్ చేసింది. పది నిమిషాల్ల అమ్మ స్ట్రెచర్ నర్సుల బల్ల పక్కకు జరిగింది, గొంతు మూసుకపోతే పైపు వెయ్యనీకి సామాను తెచ్చి పెట్టిన్రు.

తర్వాత అర్థమైంది ఏందంటే, ఎనలాప్రిల్, రామిప్రిల్ లాంటి బీపీ గోలీలు వేసుకునే వెయ్యి మందిల ఒకరి నుంచి ఏడుగురి దాకా ఇట్ల వాపు రావచ్చట. మొదటి వారంలనే రావచ్చు, ఏండ్ల తర్వాతనైనా రావచ్చు. మామూలు దద్దులు ఒంట్లనే పుట్టే హిస్టమిన్ అనే పదార్థం వల్ల వస్తయి, వాటికి సెట్రిజిన్ లాంటి అలర్జీ గోలీ పనిచేస్తది. ఇది దద్దులు, దురద లేకుండ, ఒంట్లనే పుట్టే బ్రాడికైనిన్ అనే ఇంకో పదార్థం వల్ల వచ్చే వాపు, అలర్జీకిచ్చే సూదులు దీనికి పెద్దగా పనిచెయ్యవు. అంటే రెండు నెలలు మేం బంద్ చెయ్యాల్సింది వంకాయ కాదు. (గోలీ ఎవరికి వాళ్ళు బంద్ చేసుకోవద్దు, డాక్టరును అడిగి మార్పించుకోండి. అమ్మకు ఆమ్లోడిపిన్ అనే వేరే రకం బీపీ గోలీ రాసిన్రు. ఎనలాప్రిల్ రకం జన్మల వేసుకోవద్దని చిట్టీ మీద ఎర్ర పెన్నుతో రాసిచ్చిన్రు.)

నీకెట్ల తెలుసు చెల్లె అని అడిగిన. చీర కొంగు జరిపి మోచెయ్యి చూపించింది. ఎర్రగా దద్దులు, ఒక్కోదాని చుట్టూ బాల్‌పెన్నుతో సున్న. మూడేండ్ల నుంచి ఆమెకు రోజూ లేస్తున్నయట. ఇరవై నాలుగు గంటలల్ల మచ్చ లేకుండ పోతే మామూలు దద్దులు, అంతకంటే ఎక్కువుండి కమిలినట్టు మచ్చ పడితే వేరే రోగం, అది తెల్వాలంటే గీత గీసి చూసుకోమని చర్మం డాక్టరు నేర్పిండట. అందుకే కొంగుకు పెన్ను గుచ్చుకొని తిరుగుతది. పోయినప్పుడల్లా ఆ డాక్టరు మొదలు అడిగేది ఏం గోలీలు మింగుతున్నవనేనట.

"ఈ వరండాల యాభై మందిమి ఉన్నం గదా అక్కా. పది మందికన్నా బతుకుల ఒక్కపారి దద్దులు లేసే ఉంటయట. ఆరు వారాలు దాటి నా లెక్క సతాయించేది నూటికి ఒక్కరికే. ఆడోళ్ళకే ఎక్కువ." దూరంగ కూర్చున్న సెక్యూరిటీ ఆయన చెయ్యెత్తి "నాక్కూడ లేసినయి, చిన్నప్పుడు" అన్నడు. నాకూ గుర్తొచ్చింది, మా నాయనమ్మ గొంగడితోని రుద్దేది. ఆ రాత్రి నవ్వింది అప్పుడొక్కసారే.

తర్వాత అమ్మ చెంప మీద, వాపు ఆగినకాడ, అదే పెన్నుతో ఒక గీత గీసింది. "గీత దాటి గొంతు దిక్కు పోతే అరువు" అన్నది. నేను చూస్తూ కూర్చున్న. ఎప్పుడు కన్నంటుకుందో తెల్వదు.

నాలుగింటికి మెలకువొచ్చేసరికి నా కాళ్ళ మీద దుప్పటి ఉన్నది. ఆమె నిలబడి ఉన్నది, ఫోన్ లైటు అమ్మ కండ్లల్ల పడకుండ అరచెయ్యి అడ్డం పెట్టి, గీతను చూస్తున్నది. "పండుకో అక్కా, గీత దాటలే. నేను చూస్తున్న గదా." లోపల ఆమె పెనిమిటి ఉన్నడు. పొద్దున ఆయన ఆపరేషన్. అమ్మ గురగురలాడినప్పుడు ఏడ్వలే నేను, అప్పుడు ఏడ్చిన. వెక్కివెక్కి.

తెల్లారేసరికి వాపు గీతకు ఇవతలికి తగ్గింది. మమ్మల్ని పై అంతస్తుకు మార్చిన్రు. మధ్యాహ్నం కిందికొచ్చి చూస్తే ఆ గోడ దగ్గర వేరే వాళ్ళున్నరు. వార్డుల అడిగితే పేరు చెప్పమన్నరు. పేరు అడగాలన్న సోయి నాకు లేకపాయె.

ఒక్క మాట మాత్రం అనకుండ ఉండలేను. గోలీలు ఇచ్చే కాడ ఏడాదిల ఒక్కసారి, "పెదవులు గిట్ల వాస్తున్నయా అమ్మా" అని అడిగితే ఏం పోతది? రిజిస్టర్ల టిక్కు పెట్టనీకి టైమున్నది, ఆ ఒక్క మాట అడగనీకి లేదు. దద్దులు తెలిసిన వంటామెకు తట్టింది రెండు నెలలు మేం తిరిగిన చోట ఒక్కరికీ తట్టకపాయె.

ఆగండి, మరిచిపోయిన. జిరాక్స్ ఆయన, షట్టర్ తీసి కాగితానికి పైసలు తీసుకోలే. ఆ డాక్టరమ్మ, పొద్దున డ్యూటీ అయిపోయినా పై అంతస్తుకొచ్చి అమ్మ నాలుక చూసిపోయింది. స్ట్రెచర్ నూకిన వార్డు బాయ్. ఇంకా ఎవరో ఉన్నరు, చాయ్ ఇచ్చినాయన, అవును, ఆయన. అందరికీ దండం.

ఆ దుప్పటి నా దగ్గరనే ఉండిపోయింది. నీలం గళ్ళది, ఒక మూల కొద్దిగ కాలింది, పొయ్యి కాడిదేమో. ఉతికి ఆరేసిన. అచ్చంపేట దిక్కు బడిల వంట చేస్తూ కొంగుకు పెన్ను గుచ్చుకునే ఆమె ఎవరికన్నా తెలిస్తే, ఆమె పేరు ఇక్కడ రాయొద్దు. నాకు విడిగ ఒక్క మెసేజ్ పెట్టండి, నేనే వచ్చి ఇస్త.